అడిగి తీసిన రక్తం

ఆసుపత్రిలో ఆమెను అందరూ బొంగరం సిస్టర్ అంటారు. చాటున కాదు, ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. ఏళ్ల తరబడి అత్యవసర వార్డులో పరుగులు పెట్టిన మనిషి. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మందికి స్పృహ ఉండదు. వాళ్లను అడిగేదేమీ ఉండదు, చేతిలో పని చేసేయడమే. మోకాలి చిప్ప అరిగిపోయి, ఇక పరుగులు కుదరవని తేలాక ఆమెను వంశపారంపర్య జబ్బుల విభాగానికి మార్చారు. దానికి తాతల గది అని పేరు. లోపలికి అడుగుపెట్టిన వాళ్లను ముందుగా అడిగేది తాతముత్తాతల గురించే మరి.

తాతల గదిలో పని అంటే కూర్చోవడం. వచ్చినవాళ్ల కుటుంబాన్ని కాగితం మీద గీయాలి, ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు చదరం. ఏ జబ్బు ఎటునుంచి ఎటు దిగివచ్చే వీలుందో చెప్పాలి. పరీక్ష చేయించుకుంటే ఏం తెలుస్తుందో, తెలిశాక తెలియనట్టు ఉండలేమన్న సంగతీ చెప్పాలి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఆ నోరు మూసుకోవడమే ఆమెకు ప్రాణం మీదకి వచ్చేది. ఎదుటి మనిషి ఆలోచిస్తున్నంతసేపూ బల్ల కింద ఆమె కాలు టకటకా ఊగుతూనే ఉండేది. ఒకసారి ఒక పెద్దాయన బల్ల అంచు పట్టుకుని, “భూకంపమేమోనమ్మా, బయటికి పోదామా?” అని అడిగాడు.

చేరిన కొత్తలో ఆ గది డాక్టరు ఆమెతో ఒక మాట అన్నాడు. “సిస్టర్, ఇక్కడ మనం నిర్ణయం తీసుకోం. తీసుకునేవాళ్ల పక్కన కూర్చుంటాం. అంతే.” ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆ మాట ఆమెకు బాగా పట్టుకుంది.

అలా ఉండగా ఒక లిఫ్టు మెకానిక్ ఆ గదికి వచ్చాడు. పనిలో ఉండగా లిఫ్టు పెట్టె మీదే కళ్లు తిరిగి పడిపోయాడు. పక్కనున్నవాడు చొక్కా పట్టుకుని లాగబట్టి బతికాడు. పరీక్షలన్నీ చేస్తే గుండె కొట్టుకునే లయలో తేడా ఉందనీ, అది పుట్టుకతో వచ్చిన జన్యువు వల్లేననీ తేలింది. సిస్టర్ అతని కుటుంబం గీస్తుంటే ఒక సున్నా దగ్గర అతను ఆగాడు. అది అతని చెల్లెలు. పెళ్లికాకముందే ఈతకొలనులో పోయింది. బాగా ఈదేది. కాలు నరం పట్టేసిందని అనుకున్నారు, అదే నమ్మారు.

డాక్టరు కలం కింద పెట్టాడు.

“మీకు పిల్లలెంతమంది?”

“ఒక్కతే సార్, అమ్మాయి. పదహారు దాటింది.” అతని మొహం వెలిగింది. “ఈతలో దాని తర్వాతే ఎవరైనా. కొలను దగ్గర అందరూ చేపపిల్లా అని పిలుస్తారు. వచ్చే నెల పెద్ద పోటీలకి సెలక్షన్ ఉంది.”

ఈ జబ్బుకు నీళ్లతో పడదని డాక్టరు అతనికి నెమ్మదిగా చెప్పాడు. తండ్రికి ఉంది కాబట్టి బిడ్డకు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, బొమ్మా బొరుసూ లాగా. పరీక్ష చేసేదాకా అమ్మాయిని నీళ్లలో దింపవద్దన్నాడు. అతను అన్నిటికీ తల ఊపి వెళ్లిపోయాడు.

తర్వాతి వారం కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. దాన్ని రక్తం తీసే కుర్చీలో కూర్చోబెట్టి, తానొక్కడే డాక్టరు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“సార్, రక్తం తక్కువుందేమో చూస్తారని చెప్పి తీసుకొచ్చాను. మీరూ అదే మాట మీద ఉండండి. లేదని తేలితే గొడవే లేదు కదా. దానికి ఈ భయమంతా దేనికి?”

డాక్టరు చాలాసేపు ఆలోచించాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన లెక్క ఆయనది. ఆ పిల్ల రోజూ నీళ్లలో దిగుతోంది. తండ్రి చెప్పి మాన్పించలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

“ముందు రక్తం తీయండి సిస్టర్. మిగతాది తర్వాత చూద్దాం.”

సిస్టర్ వెళ్లింది. పొడుగాటి పిల్ల, జుట్టు ఇంకా తడిగానే ఉంది. అడక్కుండానే చెయ్యి చాపింది.

“ఐరన్ టెస్టేనా సిస్టర్? ఈమధ్య నీరసంగా ఉంటున్నానని కోచ్ కూడా అంటున్నాడు. ఐరన్ వేసుకుంటే స్పీడ్ పెరుగుతుందా?”

సిస్టర్ రబ్బరు పట్టీ కట్టింది. నరం కూడా చక్కగా దొరికింది. సూది చేతిలోకి తీసుకుంది. ఆ పిల్ల ఆమెను నమ్మి, నవ్వుతూ చూస్తోంది. సిస్టర్ పట్టీ విప్పేసింది.

“ఒక్క నిమిషం ఆగమ్మా” అని డాక్టరు గదిలోకి వచ్చింది. “నా వల్ల కాదు సార్.”

“ఏం కాదు?”

“అమ్మాయి ఐరన్ కోసం అనుకుని చెయ్యి చాపింది. నేను తీసేది వేరే. రేపు జబ్బుందని తేలితే, ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఎదురుగా ఉండేది నేనే. అప్పుడు నా మాట ఎందుకు నమ్మాలి? చెప్పి తీద్దాం సార్. ఇప్పుడే, ఇక్కడే చెబుదాం.”

లిఫ్టు మెకానిక్ లేచి నిలబడ్డాడు. “నా కూతురికి ఏం చెప్పాలో నాకు మీరు నేర్పుతారా?”

“నేర్పడం కాదన్నయ్యా...”

“పిల్లని కన్నది నేనమ్మా, మీరు కాదు.” అతను విసురుగా బయటికి వెళ్లి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. “పద తల్లీ. ఇక్కడ వీళ్లకి సూది గుచ్చడమే చేతకాదట.”

తలుపు దాటుతూ ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి సిస్టర్‌ను చూసింది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని సిస్టర్ తర్వాత చాలాసార్లు అనుకుంది. కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆయన ఇలా అన్నాడు. “మీరన్నది తప్పనను. ఆ మాట మీకు చెప్పిందే నేను. కానీ ఆ పిల్ల రేపు మళ్లీ నీళ్లలో దిగుతుంది. అది మనకి తెలుసు, దానికి తెలీదు.”

డాక్టరు ఫోన్ చేస్తే లిఫ్టు మెకానిక్ ఎత్తలేదు. సిస్టర్ చేసినా ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఆమెకు కూర్చుంటే కుర్చీ గుచ్చుకుంటోంది, నిలబడితే నేల కాలుతోంది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఉతికిన బట్టలే మళ్లీ నానబెట్టేది. ఆమె భర్తది కళ్లజోళ్ల షాపు, నెమ్మదస్తుడు. ఆయన ఆమె వెనకాలే తిరుగుతూ పొయ్యి మీద పెట్టి మరిచిన గిన్నెలన్నీ దించుతూ ఉండేవాడు.

చివరికి ఆమె కాళ్లు ఈతకొలను దారి పట్టాయి. డ్యూటీ దిగి నేరుగా అక్కడికి పోయేది. టికెట్ కొని మెట్ల మీద కూర్చునేది. నీళ్ల మీద నల్ల టోపీలు అన్నీ ఒకేలా ఉన్నా చేపపిల్లను ఇట్టే గుర్తుపట్టేది. ఆ పిల్ల నీళ్లను కోసుకుంటూ పోయేది, చప్పుడే ఉండేది కాదు. తల మునిగిన ప్రతిసారీ సిస్టర్ సగం లేచేది. తేలగానే కూలబడేది. అరిగిన మోకాలు మొరాయించేది.

ఒకరోజు కోచ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. “ఎవరి కోసం వస్తున్నారమ్మా రోజూ? మీ పాప ఏ బ్యాచ్?”

ఆమె తడబడింది. “పాప కాదు... నాకే నేర్చుకోవాలనుంది.”

అతను ఆమె మోకాలి పట్టీ వంక చూశాడు. “లేడీస్ బ్యాచ్ పొద్దున ఉంటుంది. ఆలస్యమేం కాలేదులెండి” అన్నాడు మర్యాదగా.

అతను అటు వెళ్లాక ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. చెప్పకుండా రక్తం తీయడానికి చేతులు రాలేదు సరే. మరి చెప్పకుండా దొంగచూపులు చూడ్డానికి కళ్లెలా వచ్చాయి? ఆ పిల్ల గురించి ఆ పిల్లకు తెలియనిది దాచుకుని కూర్చోవడంలో తనకూ ఆ తండ్రికీ తేడా ఏముంది?

ఇంటికొచ్చి అదే మాట భర్తతో అంది. ఆయన కళ్లజోడు ఫ్రేమును దీపం వైపు పట్టి చూస్తూ, “నీళ్ల దగ్గర నీకేం పని? ఆ తండ్రి దగ్గరికి పో” అన్నాడు.

“తిడతాడండీ.”

“తిట్టనీ. నువ్వు మెట్ల మీద లేచి కూర్చున్నంత మాత్రాన ఆ పిల్ల గుండె ఆగకుండా ఉంటుందా?”

మర్నాడు మధ్యాహ్నం ఆమె లిఫ్టు మెకానిక్ పనిచేస్తున్న చోటు కనుక్కుని వెళ్లింది. అదొక ఆరంతస్తుల ఆఫీసు. లిఫ్టు తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల చీకటి గొయ్యిలా ఉంది. పైన ఎవరో పనిచేస్తున్నారు. లిఫ్టు మెకానిక్‌కు ఇప్పుడు పైకెక్కే అనుమతి లేదు. కింద స్టూలు మీద కూర్చుని పైవాడికి అరిచి చెబుతున్నాడు. ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

“ఇక్కడిదాకా కూడా వచ్చారా?”

“వచ్చానన్నయ్యా. అమ్మాయి ఇంకా నీళ్లలో దిగుతోంది.”

“మీకెలా తెలుసు?”

“రోజూ వెళ్లి చూస్తున్నాను.”

అతను గబుక్కున తలెత్తాడు. తిట్టబోయినవాడు ఆమె మొహం చూసి ఆగిపోయాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

“నేనూ వెళ్తున్నాను. గోడ బయట నిలబడతాను, లోపలికి పోలేను. ఏం చెప్పి మాన్పించను? మీ అత్త అలా పోయింది, నేనూ పోయేవాణ్ణే, ఇది నా రక్తం నుంచే నీకు వచ్చుండొచ్చు అని ఏ నోటితో చెప్పను?”

“మీ నోటితోనే. నేను పక్కన కూర్చుంటాను.”

“ఏడిస్తే?”

“ఏడుస్తుంది.”

“నన్ను తిడితే?”

“తిట్టించుకుందాం. ఇద్దరం ఉన్నాం కదా, చెరిసగం.”

పైనుంచి ఎవరో స్పానర్ కావాలని అరిచారు. అతను వినిపించుకోలేదు. మురికి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, “ఇవాళే పదండి. రేపటికి నాకీ ధైర్యం ఉండదు” అన్నాడు.

ఆ ఇంట్లో మొదటి గొడవ చేపపిల్లతో కాదు, తల్లితో వచ్చింది. లిఫ్టు మీద పడిపోవడం ఆమెకు తెలుసు గానీ, అది వంశంలోంచి దిగిన జబ్బని ఆమెకూ చెప్పలేదు. “నాతో కూడానా? ఇన్నాళ్లూ ఒకే కంచంలో తిన్నట్టు ఉండి, ఇంత మాట కడుపులో పెట్టుకుని ఎలా తిరిగారండీ?” అని ఆమె గోడకు ఆనుకుంది. అతను తలొంచుకున్నాడు.

చేపపిల్ల మాత్రం తండ్రి చెప్పిందంతా కదలకుండా విన్నది. తువ్వాలు ఇంకా భుజం మీదే ఉంది. మొదట సిస్టర్ వైపు తిరిగింది.

“ఆ రోజు పట్టీ విప్పేసింది అందుకేనా?”

“అవునమ్మా.”

“ఇప్పుడు టెస్ట్ చేయాలని వచ్చారా? నాకు చెప్తున్నారా, నన్ను అడుగుతున్నారా?”

“అడుగుతున్నాం.”

“అడిగితే వద్దు అని కూడా అనొచ్చు కదా?”

సిస్టర్ కాలు ఊగడం మొదలైంది. అత్యవసర వార్డు మనిషి ఒకతి ఆమెలో గొంతు చించుకుని అరుస్తోంది, చెయ్యి పట్టుకో, సూది గుచ్చు, పని కానియ్ అని. తండ్రి ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

“అనొచ్చు” అంది.

“అయితే వద్దు.”

“చూశారా?” అన్నాడు లిఫ్టు మెకానిక్, దెబ్బ తగిలినవాడిలా. “చెప్పమన్నారుగా, చెప్పాను. చూశారా?”

సిస్టర్ ముందుకు జరిగింది. “నా మాట విను తల్లీ. ఇవి రెండు వేర్వేరు సంగతులు. రక్తం ఇవ్వడం నీ ఇష్టం. తెలుసుకోవాలనిపించినప్పుడే తెలుసుకో, అందాకా ఆగుతాం. నీళ్ల సంగతి అలా కాదు. నీకు ఆ జబ్బుంటే, వేగంగా ఈదేటప్పుడు గుండె లయ తప్పొచ్చు, ఒడ్డుకు చేరే టైము కూడా ఉండదు. అందుకని తేలేదాకా నువ్వు నీళ్లలో దిగుతానంటే మీ అమ్మానాన్నలు ఒప్పుకోరు, డాక్టరుగారు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ఈ ఒక్కదాంట్లో నీ ఇష్టం అని అబద్ధం చెప్పలేను.”

“సెలక్షన్ వచ్చే వారం.”

“తెలుసు.”

ఆ పిల్ల తువ్వాలు నేలకేసి కొట్టి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మర్నాటి నుంచి కొలనుకు పోలేదు. సెలక్షన్ జరిగింది, ఎవరో వేరే అమ్మాయి గెలిచింది.

“మైనరు కదా, తల్లిదండ్రులు సంతకం పెడితే పని అయిపోతుంది” అన్నాడు డాక్టరు ఒకరోజు. ఆయన గొంతులో పట్టుదల లేదు, అలసట ఉంది.

“నీళ్లు మానేసింది కదా సార్. ఇక తొందరెవరిది? మనది.”

ఆయన ఆమె ఊగే కాలు వంక చూసి నవ్వాడు. “మీరు నాకు తొందర వద్దని చెప్పడం బావుంది. సరే. ఈసీజీకి సూది అక్కర్లేదు, దానికేమంటుందో అడగండి.”

ఈసీజీకి ఒప్పుకుంది గానీ అది అటూ ఇటూ కాకుండా వచ్చింది. ఆ ఎటూ కానిదే చేపపిల్లను కుదురుగా ఉండనివ్వలేదు. సిస్టర్ తనంతట తాను ఫోన్ చేయకూడదని ఒట్టు పెట్టుకుంది. ఫోన్ ఎక్కడుందో మాత్రం క్షణక్షణం తడుముకునేది. ఆ పిల్ల నుంచే ప్రశ్నలు రాసాగాయి, వేళాపాళా లేకుండా. ‘ఉంటే పరుగెత్తకూడదా?’ ‘ఉంటే పిల్లల్ని కనకూడదా?’ ‘లేదంటే మళ్లీ ఈదొచ్చా?’ ఒకరోజు, ‘అత్తకి తెలిసుంటే బతికేదా?’ అని వచ్చింది. తెలిసినవాటికి తెలిసినట్టు జవాబు రాసింది సిస్టర్. ఈ చివరిదానికి, ‘బతికేదేమో. కచ్చితంగా నాకు తెలీదు’ అని రాసి, పంపాక చాలాసేపు వంటింట్లో అటూ ఇటూ తిరిగింది.

ఎండలు ముదిరాక ఒక ఉదయం తల్లిని తోడు తీసుకుని చేపపిల్ల తాతల గదికి వచ్చింది. నేరుగా కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

“ఇప్పుడు అడగండి.”

“రక్తం తీయనా?”

“దేనికి?”

సిస్టర్ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఏం చూస్తారో, ఏం తెలుస్తుందో, ఏం తెలియకపోవచ్చో. ఆ పిల్ల అంతా విని, “తీయండి. ఫలితం మాత్రం ముందు నాకే చెప్పాలి. నాన్న మొహం చూస్తూ వినడం నా వల్ల కాదు” అంది. తల్లి కొంగుతో మొహం తుడుచుకుని సరేనంది.

ఎన్ని వేల చేతులకు సూది గుచ్చిందో ఆ సిస్టర్, ఆ రోజు నరం తప్పింది. రెండోసారికి గానీ దొరకలేదు.

“నాన్న నిజమే చెప్పాడు, మీకు చేతకాదు” అంది చేపపిల్ల. ఇద్దరూ నవ్వారు. సిస్టర్‌కు నవ్వుతో పాటు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

జబ్బు ఉందని తేలింది.

డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు గదిలో ముగ్గురే ఉన్నారు. ఆ పిల్ల కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. బల్ల కింద సిస్టర్ కాలు ఊగుతోంది. కాసేపటికి ఆ పిల్ల చెయ్యి చాపి ఆమె మోకాలి మీద పెట్టి, “ఆపండి సిస్టర్” అంది మెల్లగా. తర్వాత డాక్టరును అడిగింది.

“ఎప్పటికీ ఈదకూడదా?”

“ఈదకూడదు” అన్నాడాయన వెంటనే.

“ఎప్పటికీనా అని అడుగుతోంది సార్” అంది సిస్టర్.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆలోచించి, ఈసారి తాపీగా చెప్పాడు. ముందు మాత్రలు. కొన్నాళ్లయ్యాక పరుగు పరీక్ష. మాత్రలు బాగా పనిచేస్తున్నాయని తేలితే, లోతు లేని నీళ్లలో, పక్కన మనిషి ఉండగా, నెమ్మదిగా దిగడం గురించి అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. “పందెం మాత్రం వద్దంటాను. ఇవాళే కాదు, ఎప్పుడడిగినా వద్దంటాను. అయినా నువ్వు అడుగుతూనే ఉండు, మానకు.”

బయట వరండాలో లిఫ్టు మెకానిక్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేపపిల్ల అతని ఎదురుగా వెళ్లి, “నాన్నా, నీ మాత్రల డబ్బా చాలదు. పెద్దది కొను, ఇద్దరివీ పట్టాలి” అంది. అతను ఉన్నపళాన నేల మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కూడా పక్కనే కూర్చుంది. దారిన పోయేవాళ్లు వాళ్లను చుట్టి నడిచి వెళ్లారు.

అక్కడితో అంతా సర్దుకుందనుకుంటే పొరపాటు. మాత్రలు పడక ఆ పిల్ల నెలల తరబడి మత్తుగా ఉండేది. మోతాదు తగ్గించమని డాక్టరుతో పేచీ పెట్టుకుని తగ్గించుకుంది. గెలిచిన పతకాలన్నీ తీసి మంచం కిందకు తోసింది. ఒక మధ్యాహ్నం తాతల గదికి ఒంటరిగా వచ్చి, “మీరు ఆ రోజు నోరు మూసుకుని రక్తం తీసుంటే, ఫలితం వచ్చేలోపు ఆ సెలక్షన్ ఈదేసేదాన్ని. ఒక్కసారైనా గెలిచేదాన్ని” అని సిస్టర్ మీద విరుచుకుపడింది. ఆ మాటలో ఎంత నిజముందో, ఎంత ప్రమాదముందో ఇద్దరికీ తెలుసు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్లే లేచి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని వెళ్లిపోయింది.

ఇప్పుడు చేపపిల్ల కాలేజీలో చదువుతోంది. సెలవు రోజుల్లో నడుము లోతు నీళ్లలో నిలబడి పసిపిల్లలకు ఈత నేర్పుతుంది. గట్టు మీద కోచ్ ఉంటాడు. గుండె ఆగితే షాక్ ఇచ్చే పెట్టె ఒకటి అక్కడ గోడకు కొత్తగా వచ్చింది. దానికోసం కొలను ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది సిస్టరూ, లిఫ్టు మెకానిక్కూ. గోడకు మేకులు దిగ్గొట్టింది అతనే. పందెం గురించి ఆ పిల్ల ఏడాదికోసారి డాక్టరును అడుగుతుంది. ఆయన ఏడాదికోసారి వద్దంటాడు.

సిస్టర్ మాత్రం మారలేదు. ఇప్పటికీ ఆమె ఎదురుగా కూర్చున్నవాళ్లు బల్ల అంచు పట్టుకోవాల్సిందే. ఇటీవల ఒక ఆదివారం సాయంత్రం టీ తాగుతుండగా ఆమె భర్త ఉన్నట్టుండి అడిగాడు.

“నువ్వు రక్తం తీయనన్న రోజుకీ, ఆ పిల్ల నీళ్లు మానేసిన రోజుకీ మధ్య ఏదైనా జరిగుంటే ఏం చేసేదానివి?”

ఆ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. తనను తాను ఎన్నిసార్లు అడుక్కుందో లెక్కలేదు. చెప్పి తీయడమే సరైనదని ఇవాళ్టికీ అనుకుంటుంది. అయినా ఆ రోజులు క్షేమంగా గడవడం తన గొప్ప కాదనీ తెలుసు.

“అదృష్టం బాగుందండీ” అంది. “అంతకుమించి నా దగ్గర జవాబు లేదు.”

ఆమె గ్లాసులు కడగడానికి లేచింది. తన టీ ఇంకా సగం అందులోనే ఉందని కుళాయి తిప్పాక గానీ చూసుకోలేదు.